గుల్లకు అద్దె ఎవరు కడతారు?

అందరికీ నమస్కారం.

న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఐపీఓ చేసి, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మి, మార్కెట్లోకి రాలేదు. 2006 మార్చిలో, అప్పటికే లిస్టయి ఉన్న ఆర్కిపెలాగో అనే ఎలక్ట్రానిక్ ట్రేడింగ్ కంపెనీతో కలిసిపోయి తనూ పబ్లిక్ కంపెనీ అయింది. వేరేవాళ్ళ ఐపీఓలకు గంట కొట్టించే సంస్థ, తన వంతు వచ్చేసరికి పక్క గుమ్మంలోంచి దూరింది! ఆర్కిపెలాగోకు నిజమైన వ్యాపారమే ఉందనుకోండి. ఈ రోజు నేను మాట్లాడేది అదీ లేని కంపెనీల గురించి.

అమెరికాలో ఒక కంపెనీ దివాలా తీస్తుంది, లేదా ఉన్న వ్యాపారం అమ్మేసుకుంటుంది. ఆఫీసు ఉండదు, ఉద్యోగులు ఉండరు. రిజిస్ట్రేషన్, వాటాదారులు, ఒక్కోసారి ట్రేడింగ్ సింబల్ మాత్రం మిగులుతాయి. ఆ గుల్లే షెల్ కంపెనీ. ప్రైవేటు వ్యాపారి తన సంస్థను తెచ్చి అందులో కలుపుతాడు. బదులుగా షెల్ అతనికి కొత్త షేర్లు జారీ చేస్తుంది, ఎంతగా అంటే మెజారిటీ అతని చేతికే వచ్చేంత. పాత డైరెక్టర్లు రాజీనామా చేస్తారు, పేరు మారుతుంది. చీమల పుట్టలో పాము చేరినట్టే, కాకపోతే ఇక్కడ చీమలే పుట్టను బేరం పెడతాయి. కాగితాల్లో షెల్ కొన్నట్టు ఉంటుంది, జరిగేది అందుకు తిరగబడి. అందుకే రివర్స్ మెర్జర్ అన్నారు.

ఐపీఓలో అయితే షేర్లు అమ్మకముందే అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఫైలు చూసి ప్రశ్నలు వేస్తుంది. ఇక్కడ పెళ్ళయ్యాక జాతకాలు చూస్తారు. పూర్తి వివరాలతో ఎయిట్-కె ఫారం వేయాలని 2005లో నిబంధన పెట్టారు గానీ, అది కూడా మెర్జర్ ముగిశాక నాలుగు పనిదినాల్లో.

ఈ సందులోంచే చైనా కంపెనీలు వరుస కట్టాయి. 2007 జనవరి నుంచి 2010 మార్చి దాకా 159 చైనా కంపెనీలు రివర్స్ మెర్జర్ ద్వారా అమెరికా మార్కెట్లోకి వచ్చాయని ఆడిటర్లపై నిఘా ఉంచే పీసీఏఓబీ లెక్కగట్టింది. ఐపీఓతో వచ్చినవి 56. రివర్స్ మెర్జర్‌తో వచ్చిన చాలా వాటికి ఆడిట్ సంతకం అమెరికాలోని ఏదో చిన్న సంస్థది, లెక్కలు చూసింది చైనాలో ఇంకెవరో. తర్వాత వాటిలో కొన్ని ఒక్కొక్కటే కుప్పకూలాయి. 2011 నవంబరులో ఎక్స్ఛేంజీలు రూల్ మార్చాయి: ఇలా వచ్చిన కంపెనీ ముందు ఏడాదిపాటు బయట ట్రేడవ్వాలి, ఆ తర్వాతే పెద్ద ఎక్స్ఛేంజీలోకి.

పాత షెల్‌తో ఒక భయం ఉంది, లోపల ఏ పాత బాకీ దాక్కుందో తెలియదు. అందుకే కొత్త గుల్లను తయారుచేయడం మొదలైంది. అదే స్పాక్: వ్యాపారం లేకుండానే ఐపీఓ చేసి డబ్బు పోగుచేస్తుంది, తర్వాత ఏదో ప్రైవేటు కంపెనీని కలుపుకుంటుంది. 2021లో ఒక్క ఏడాదే ఆరు వందలకు పైగా వచ్చాయి.

ఇక్కడ కొంచెం లెక్క వేద్దాం. ఒక స్పాక్ కోటి షేర్లు పది డాలర్ల చొప్పున అమ్మింది. పది కోట్ల డాలర్లు ట్రస్ట్ ఖాతాలో పడ్డాయి. స్పాక్‌ను పెట్టిన స్పాన్సర్‌కు 25 లక్షల షేర్లు, మామూలుగా 25 వేల డాలర్లకే. అక్షరాలా షేరుకు ఒక సెంటు! మెర్జర్ నచ్చనివాళ్ళు తమ పది డాలర్లు వెనక్కి తీసుకోవచ్చు. ఎనభై శాతం తీసుకున్నారనుకోండి. మిగిలింది రెండు కోట్లు. ఐపీఓలో షేర్లు అమ్మిపెట్టిన బ్యాంకు, అంటే అండర్‌రైటర్, బకాయి ఫీజు మాత్రం తగ్గదు, మొదటి పది కోట్ల మీద మూడున్నర శాతం, అంటే 35 లక్షలు. ఇక ఉన్నది కోటీ 65 లక్షలు, షేర్లు 45 లక్షలు. షేరుకు మూడు డాలర్ల 67 సెంట్లు. పది డాలర్లు పెట్టి, నమ్మి కూర్చున్నవాడి వెనక ఉన్న నగదు అంతే. వారంట్ల (తర్వాత ముందే ఖరారైన ధరకు షేర్లు కొనే హక్కుల) సంగతి ఇంకా కలపనేలేదు. ఐపీఓ కంటే ఇదే చవక అని ఎవరైనా అంటే, ఎవరికి చవక అని నేను అడుగుతాను.

ట్రక్కుల కంపెనీ నికోలా సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2020 జూన్‌లో స్పాక్ ద్వారా నాస్‌డాక్‌కు చేరింది. అంతకుముందు వీడియోలో దూసుకుపోయిన ట్రక్కు నిజానికి వాలు మీద దొర్లిందే. వ్యవస్థాపకుడికి శిక్ష పడింది, 2025లో క్షమాభిక్షా దొరికింది. అదే ఏడాది కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

2024 జనవరిలో ఎస్ఈసీ కొత్త నిబంధనలు తెచ్చింది. భవిష్యత్తు అంచనాలు తప్పితే దావాలు పడకుండా స్పాక్‌లు అడ్డం పెట్టుకునే చట్టరక్షణను తీసేసింది. మంచిదే. అయినా పైన వేసిన లెక్క చట్టబద్ధమే, అందులో మోసం ఏమీ లేదు. కాబట్టి మెర్జర్ ఓటు అయ్యాక వచ్చే ఎయిట్-కె ఫారంలో నేను మొదట వెతికేది ఒకటే అంకె, ఎన్ని షేర్లు వెనక్కి వెళ్ళిపోయాయి అని. రంగురంగుల ప్రజెంటేషన్ తర్వాత చూస్తాను, ఓపిక మిగిలితే.

ఇక మీ ప్రశ్నలు.