జపనీస్‌లో 'పోటీ' అనాలంటే ఏమనాలి?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో జపనీస్ నేర్చుకుంటున్నవాళ్లు, ఉద్యోగానికి జపాన్ వెళ్లబోతున్నవాళ్లే ఎక్కువని చెప్పారు. అందుకని వ్యాకరణం జోలికి పోకుండా ఒక్క మాట పట్టుకుంటాను: పోటీ.

తెలుగులో మనకి ఈ బాధ పెద్దగా లేదు. ముగ్గుల పోటీ, ఎన్నికల్లో పోటీ, సీటుకి పోటీ, రెండు బట్టల షాపుల మధ్య పోటీ, అన్నిటికీ ఒకటే మాట. పరుగుకీ కోళ్లకీ మాత్రం పందెం అంటాం. జపనీస్‌లో అలా కుదరదు. నిఘంటువులో ముందు దొరికేది 'క్యోసో'. అన్నిచోట్లా అదే వాడితే విషయం అర్థమవుతుంది గానీ, వినేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది. మాట ఎంచుకునే ముందు నేను చూసుకునేది ఒకటే: గెలుపు తేల్చేది ఎవరు? గడియారమా, స్కోరా, జడ్జీలా, డబ్బు పెట్టి కొనేవాడా?

క్యోసో పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. 2024లో కొత్త నోట్లు వచ్చేదాకా 10,000 యెన్ల నోట్ల మీద బొమ్మగా ఉన్న రచయిత ఫుకుజావా యుకిచి తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అప్పట్లో జపాన్‌ని ఏలుతున్న తొకుగావా ప్రభుత్వం చివరి రోజులు. ఆయన దగ్గర ఒక ఇంగ్లీషు అర్థశాస్త్ర పుస్తకం ఉందని తెలిసి, ఖజానా అధికారి ఒకాయన కనీసం విషయసూచికైనా అనువదించి చూపించమన్నాడు. అందులో 'కాంపిటీషన్' అనే మాట దగ్గర ఫుకుజావా ఆలోచించి 'క్యోసో' అని రాశాడు. దాని రెండో అక్షరానికి అర్థం పోరు, తగువు. అధికారి అక్కడే ఆగిపోయాడు. ఈ తగువేంటి, ఇదేం బాగాలేదే అన్నాడు. పక్క కొట్టువాడు చవగ్గా అమ్మితే మనం ఇంకా చవగ్గా అమ్ముతాం, వ్యాపారంలో ధరలు అలాగే కుదురుకుంటాయి అని ఫుకుజావా నచ్చజెప్పాడు. అది సరేగానీ, తగువు అన్న అక్షరం ఉన్న కాగితాన్ని పెద్ద మంత్రులకి చూపించలేనన్నాడు ఆయన. చివరికి ఫుకుజావా ఆ మాట మీద నల్లటి సిరా పూసేసి కాగితం ఇచ్చేశాడు.

ఆ అధికారిని చూసి నవ్వుకుంటాం గానీ, ఆయన చెవి సరిగ్గానే పట్టింది. క్యోసోలో ఈ రోజుకీ ఆ పోరు ఉంది. కంపెనీల మధ్య, ధరల విషయంలో, మార్కెట్ కోసం జరిగేది క్యోసో.

ఇంకో చిక్కు ఉంది. పరుగు పందేన్ని కూడా క్యోసో అనే అంటారు! పలకడంలో తేడా లేదు, రాతలో రెండో అక్షరం మారుతుంది: పోరు పోయి పరుగు వస్తుంది. స్కూల్లో 'ఉందోకై' అని ఆటల రోజు జరుపుతారు, అందులో పిల్లల పరుగుని 'తొక్యోసో' అంటారు. మెసేజ్ టైప్ చేసేటప్పుడు ఫోన్ ఏ అక్షరం చూపిస్తోందో ఒకసారి చూసుకోండి.

ఎదురెదురుగా ఆడి స్కోరుతో తేల్చుకునేది 'షియై'. బేస్‌బాల్, ఫుట్‌బాల్, జూడో, అన్నీ షియైలే. షియైలన్నీ కలిపి జరిగే మొత్తం టోర్నమెంట్ 'తైకై'. 1915లో మొదలైన హైస్కూల్ బేస్‌బాల్ పోటీ, కోషియెన్ స్టేడియంలో ప్రతి వేసవిలో జరిగేది, తైకైయే. అయితే తైకై అంటే అసలు పెద్ద కూడిక అని. 'హనబి తైకై'కి రమ్మంటే పోటీ ఏదో ఉందనుకుని వెళ్లకండి, చాలావరకు అది బాణసంచా ప్రదర్శనే.

సుమోకి వస్తే షియై అనకండి. ఒక్కో కుస్తీ 'తొరికుమి'. 15 రోజుల టోర్నమెంట్‌ని 'బషొ' అంటారు, అంటే చోటు. ఏడాదికి ఆరు బషొలు. గో, షోగి లాంటి బోర్డు ఆటలకి 'తైక్యొకు'. ఎవరి ఆట మాట వాళ్లదే, మన క్రికెట్ వాళ్లు ఇన్నింగ్స్‌ని ఇంకేదో అంటే ఒప్పుకోనట్టు.

జడ్జీలు కూర్చుని మార్కులు వేసే సంగీతం పోటీ అయితే 'కొంకూరు'. ఫ్రెంచి నుంచి వచ్చింది. స్కూల్ బ్యాండ్ల కొంకూరు సంగతి వింటే మీకు సరదా పుడుతుంది. అక్కడ పాల్గొన్న బృందాలన్నిటికీ బంగారమో, వెండో, కంచో ఏదో ఒక బహుమతి ఇస్తారు. బంగారం వచ్చిన బృందాల్లో కొన్నే పై రౌండుకి వెళ్తాయి. బంగారం వచ్చీ ఆగిపోయినదాన్ని పిల్లలు 'దమె-కిన్' అంటారు, పనికిరాని బంగారం అన్నమాట. బంగారం వచ్చినా ఏడ్చే పిల్లలు అక్కడ కనిపిస్తారు.

ఉపన్యాసాలకీ, అందాల పోటీలకీ మాత్రం ఇంగ్లీషు నుంచి వచ్చిన 'కొంతెసుతొ' వాడతారు. మీలో ఎవరైనా జపనీస్ స్పీచ్ పోటీకి పేరిస్తే అదే. ఇక కొంప కట్టే ఆర్కిటెక్టులు డిజైన్లు పెట్టి పోటీపడితే 'కొంపె'. గోల్ఫ్ కూడా కొంపెయే, ఎందుకో అడగొద్దు.

సీటు కోసం పోటీ మనకి బాగా తెలిసిన టెన్షన్. జపాన్‌లో దాన్ని 'జుకెన్ సెన్సో', పరీక్షల యుద్ధం, అంటారు. కానీ 'అక్కడ కాంపిటీషన్ ఎక్కువ' అని మనం అనేచోట వాళ్లు 'బైరిత్సు' ఎక్కువ అంటారు. 100 సీట్లకి 300 మంది ఉంటే బైరిత్సు మూడు రెట్లు. మనం ఊరికే ఎక్కువ అని వదిలేస్తాం, వాళ్లు లెక్క చెప్తారు.

చివరగా ఆఫీసు. మనతో ఒకే మార్కెట్‌లో ఉన్న కంపెనీని 'క్యోగో' అనండి. చేపల మార్కెట్‌లో ట్యూనాకి పాడే వేలంపాట 'సెరి'. ప్రభుత్వ టెండర్ 'న్యూసత్సు'. మొదటి నెలలోనే మీ చెవిన పడేది మాత్రం ఇవేవీ కాదు, 'ఐమిత్సు'. మేనేజర్ ఐమిత్సు తీసుకో అన్నాడంటే ఒకే సరుక్కి రెండు మూడు కంపెనీల దగ్గర కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టమని. ఆ మాటలో ఎక్కడా పోటీ లేదు, కానీ కొటేషన్ పంపిన కంపెనీలన్నిటికీ తెలుసు అది పోటీ అని.

ఇక ప్రశ్నలుంటే అడగండి.