దేవుని పేరు, దేవుని రోజు, మన పిల్లలు

ప్రియమైన తల్లిదండ్రులకు, సండే స్కూల్ టీచర్లకు ప్రభువు నామంలో వందనాలు.

"ప్రభువు నామంలో" అని ఇప్పుడే అన్నాను. ఈ మాట ఎన్ని వందల సార్లు అని ఉంటానో లెక్క లేదు. అంటున్నప్పుడు ఎవరి పేరు ఎత్తుతున్నానో నిజంగా తలుచుకున్నవి మాత్రం కొన్నిసార్లే. ఈరోజు మాట్లాడాల్సింది దాని గురించే కాబట్టి నా సంగతితోనే మొదలుపెడతాను.

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం బొమ్మలన్నిటినీ గోడకు ఆనించి కూర్చోబెట్టి చర్చి ఆట ఆడుకుంటోంది. పాట పాడింది. కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేసింది. ఇంతలో ఒక గుడ్డ బొమ్మ పక్కకు ఒరిగిపోయింది. దాన్ని చెయ్యి పట్టి లేపి, చూపుడు వేలు ఆడిస్తూ, "కదిలావంటే చూడు! యేసయ్య చూస్తున్నాడు, కొడతాడు!" అంది. ఆ గొంతు నాది. ఆ వేలు ఆడించడమూ నాదే. నేను దేవుని పేరు పెట్టి ఎవరినీ తిట్టినదాన్ని కాదు, అబద్ధపు ఒట్టు వేసినదాన్ని కాదు. అయినా దేవుని పేరు వ్యర్థంగా ఎత్తకూడదన్న ఆజ్ఞను మా ఇంట్లో మీరుతున్నది నేనేనని ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది.

"నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు." నిర్గమకాండం 20వ అధ్యాయంలోని మాట ఇది. కొన్ని సంఘాలు దీన్ని రెండవ ఆజ్ఞగా లెక్కపెడతాయి, కొన్ని మూడవదిగా. ఆ లెక్క ఎలా ఉన్నా మాట ఒక్కటే. మన బైబిల్లో "ఉచ్చరించడం" అని ఉన్నచోట హీబ్రూలో ఉన్న క్రియకు ఎత్తడం, మోయడం అని అర్థం. "వ్యర్థముగా" అన్నచోట ఉన్న మాటకు శూన్యం, అబద్ధం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. అంటే ఇది నోటికి మాత్రమే పెట్టిన ఆజ్ఞ కాదు. ఇంటి పేరు మోస్తున్న బిడ్డతో "మన పేరు చెడగొట్టకమ్మా" అంటాం చూడండి, అలాంటిది. మనం దేవుని పేరు మోస్తున్నవాళ్లం. పిల్లల్ని భయపెట్టి కూర్చోబెట్టడానికి ఆ పేరును బెత్తంలా వాడితే, ఆయన ఎలాంటివాడో వాళ్లకు అబద్ధం చెప్పినట్టే. "నీ కోసం ప్రార్థన చేస్తాను" అని ఫోన్‌లో చెప్పి, ఫోన్ పెట్టేసి మరిచిపోవడం కూడా ఈ ఆజ్ఞ కిందికే వస్తుందని నేను నమ్ముతున్నాను. పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకునే పిల్లవాడు ఆ మాట వింటాడు. తర్వాత మనం మోకరించామా లేదా అన్నదీ చూస్తాడు.

మరి పిల్లలు అనే మాటల సంగతేమిటి? "ఓ మై గాడ్" అన్నందుకు నోటి మీద కొట్టిన పెద్దల్ని చూశాను. అలా కొడితే ఆ మాట మన ముందు మాత్రమే ఆగుతుంది. నేను మరో దారి పట్టాను, మీరూ ప్రయత్నించి చూడండి. పిల్ల అలా అనగానే పని ఆపి, మెల్లగా, "పిలిచావు కదా తల్లీ, ఆయన వింటున్నాడు. ఏం చెబుతావు?" అని అడగాలి. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడగాలి. మొదటిసారి మా అమ్మాయి తెల్లమొహం వేసింది. రెండోసారి కాసేపు ఆలోచించి, "రేపు పరీక్షంటే టెన్షన్‌గా ఉందని చెబుతాను" అంది. ఆ వట్టి మాట అక్కడికక్కడే ప్రార్థన అయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. భయంలో, బాధలో "దేవా!" అని కేక వేయడం తప్పని పిల్లలకు ఎప్పుడూ నేర్పకండి. 13వ కీర్తన "యెహోవా, ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు" అన్న అర్థంతోనే మొదలవుతుంది. అది వ్యర్థంగా ఎత్తిన పేరు కాదు. మనసులో ఏమీ లేకుండా పిలవడమే వ్యర్థం.

మాట మర్యాద దేవుని పేరుతో ఆగిపోదు. తండ్రియైన ప్రభువును స్తుతించే నాలుకతోనే దేవుని పోలికలో పుట్టిన మనుషుల్ని శపిస్తున్నామని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో బాధపడతాడు. తోటి పిల్లవాడి ఒంటి రంగును, లావును, నత్తిని పట్టుకుని పేరు పెట్టి పిలిచే పిల్లవాడికి నేను మర్యాద పాఠం చెప్పను. "ఆ ముఖం ఎవరి పోలికలో ఉందో తెలుసా?" అని అడుగుతాను. కానీ ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు ఉండాలంటే, ఇంట్లో పనిచేసే మనిషితో నేను ఎలా మాట్లాడుతున్నానో కూడా చూసుకోవాలి. పిల్లలు పెద్దవాళ్లను "మీరు" అనడం సులభంగానే నేర్చుకుంటారు. మనకంటే తక్కువ సంపాదించేవాళ్లను మనం ఎలా పిలుస్తామో, అది ఇంకా త్వరగా నేర్చుకుంటారు.

ఇక విశ్రాంతి. దేవుని పేరు, దేవుని రోజు, ఈ రెండూ వేరువేరు పాఠాలని చాలాకాలం అనుకున్నాను. యెషయా 58వ అధ్యాయం జాగ్రత్తగా చదివాక అలా అనుకోలేకపోయాను. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవాళ్లను, వేలు చూపి చెడ్డగా మాట్లాడేవాళ్లను దేవుడు ఆ అధ్యాయంలో నిలదీస్తాడు. చివరికి వచ్చేసరికి విశ్రాంతిదినాన్ని "మనోహరమైనది" అని ఎంచమంటాడు, ఆ రోజున సొంత పనులూ వట్టి మాటలూ మానమంటాడు. చేతులకూ నోటికీ ఒకే రోజున విశ్రాంతి ఇవ్వమన్నమాట.

మనోహరమైనది. ఆ మాట దగ్గరే నాకు గుండె ఆగినంత పనైంది. సండే స్కూల్లో ఒకసారి పిల్లల్ని "ఆదివారం అంటే ఏమిటి?" అని అడిగాను. ఒక బాబు చెయ్యెత్తి, "త్వరగా, త్వరగా అని అమ్మ అరిచే రోజు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. చాలామంది పిల్లలు అవునన్నట్టు తలూపారు. ఆ తల్లిని నేను తప్పుపట్టను. విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఎవరెవరు విశ్రమించాలో చెప్పిన జాబితా చూడండి: నీవు, నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, నీ ఇంట్లో ఉన్న పరదేశి. ఎద్దుకు కూడా సెలవు ఉంది. మన ఇళ్లలో ఆ రోజు మామూలు కంటే ముందు లేచి, అందరి తర్వాత పడుకునే తల్లికి మాత్రం లేదు. అమ్మ అలసిపోయి విసుక్కునే రోజు మనోహరమైనదని ఏ పిల్లవాడూ నమ్మడు.

పిల్లలకు విశ్రాంతిదినం గురించి చెప్పాలనుకున్నప్పుడు నేను పది ఆజ్ఞలు వచ్చిన సీనాయి కొండ దగ్గర మొదలుపెట్టను. అంతకు ముందు అరణ్యంలో దేవుడు కురిపించిన ఆహారం, మన్నా దగ్గర మొదలుపెడతాను, నిర్గమకాండం 16. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు. రోజుకు ఇన్ని ఇటుకలని లెక్క, లెక్క తగ్గితే దెబ్బలు. అలాంటివాళ్లకు అరణ్యంలో ఆరో రోజున రెండింతల మన్నా దొరికింది. వేరే రోజుల్లో మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టిన మన్నా, ఏడో రోజుకి దాచినప్పుడు చెడిపోలేదు. అయినా కొందరు ఏడో రోజు ఏరుకోవడానికి వెళ్లారు. వాళ్లకు ఏమీ దొరకలేదు. పది ఆజ్ఞలు ఇంకా రాకముందే దేవుడు వాళ్లకు ఒక రోజు ఇచ్చాడు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం ఇదే గుర్తుచేస్తుంది: నువ్వు ఐగుప్తులో దాసుడివి, అందుకే విశ్రాంతిదినం.

ఇది మన పిల్లలకు అర్థం కాని కథేమీ కాదు. ఇటుకల లెక్క బదులు వాళ్లకు మార్కుల లెక్క ఉంది. ఆదివారం పుస్తకం మూయించి, "ఈరోజు నువ్వు ఏమీ సాధించనక్కర్లేదు, అయినా నువ్వు ఆయన బిడ్డవే" అని చెప్పగలిగితే సువార్తలో సగం చెప్పినట్టే. పరీక్షల ముందు ఇలా చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాకూ ప్రతిసారీ భయమేస్తుంది. అందుకే శనివారం సాయంత్రం ముఖ్యం. బ్యాగు సర్దడం, బట్టలు తీసి పెట్టడం, వంట పనిలో సగం ముగించడం, ఇవన్నీ ఇంటిల్లిపాదీ చేయాలి. యేసును సమాధిలో ఉంచిన సాయంత్రం ఆయన వెంట వచ్చిన స్త్రీలు కూడా సుగంధద్రవ్యాలు ముందే సిద్ధం చేసుకుని, ఆజ్ఞ ప్రకారం తీరికగా ఉన్నారని లూకా రాశాడు.

ఏ రోజు అన్న చర్చలోకి నేను వెళ్లను. శనివారం ఆచరించే సంఘాలున్నాయి, ప్రభువు లేచిన ఆదివారం ఆచరించేవి ఎక్కువ. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 321లో ఆదివారాన్ని సెలవుగా ప్రకటించేదాకా తొలి విశ్వాసులకు అది పని రోజే. పగలంతా పనిచేసి వచ్చేవాళ్లూ వాళ్లలో ఉండి ఉంటారు.

వాళ్లను తలుచుకుంటే నాకు ఐతుకు గుర్తొస్తాడు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తున్నాడు. గదిలో చాలా దీపాలున్నాయి. ఈ కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రమత్తుకు జోగి, మూడో అంతస్తు నుంచి కిందపడ్డాడు. పౌలు దిగి వెళ్లి అతన్ని కౌగిలించుకున్నాడు. "ప్రసంగంలో నిద్రపోతావా" అని ఎవరూ అన్నట్టు అక్కడ రాయలేదు. చర్చిలో మన ఒళ్లో నిద్రపోయే పిల్లల్ని గిల్లి లేపకండి. వాళ్లు తండ్రి ఇంట్లోనే నిద్రపోతున్నారు.

చివరగా ఒక పని చేద్దాం. సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో యాజకులు పలకాల్సిన ఆశీర్వాదం ఉంది. అలా తన నామాన్ని ప్రజల మీద ఉచ్చరిస్తే వాళ్లను ఆశీర్వదిస్తానని దేవుడు అక్కడ మాట ఇచ్చాడు. "ఉచ్చరింపకూడదు" అన్న పేరునే ఇక్కడ ఉచ్చరించమంటున్నాడు. మా ఇంట్లో శనివారం రాత్రి పడుకునే ముందు ఇది చెబుతాం. మొదట్లో నాకు సిగ్గనిపించింది, గొంతు పెగల్లేదు. ఇప్పుడు మరిచిపోతే మా అమ్మాయే మంచం మీంచి "చెయ్యి పెట్టలేదు" అని పిలుస్తుంది.

పక్క గదిలో పిల్లల తరగతి అయిపోయింది, వాళ్లు వచ్చేస్తున్నారు. మీ బిడ్డను దగ్గరికి తీసుకోండి. తల మీద చెయ్యి పెట్టి, తొందర లేకుండా, ఈ మాటలు నాతోపాటు పలకండి: "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక..."