తెల్లబడిన పగడానికి ముందు చూడాల్సింది ఏమిటి?

అందరికీ నమస్కారం. రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పగడం తెల్లబడగానే చాలామంది అడిగే మాట, ‘ఏం మందు వెయ్యాలి?’ అని. మందు సంగతి తర్వాత. ముందు అది బతికుందో లేదో తేల్చుకోండి.

లైట్లు ఆపేసిన గంటకి టార్చి వేసి దగ్గరగా చూడండి. తెల్లటి అస్థిపంజరం మీద పల్చటి పారదర్శకమైన పొర ఉండి, పాలిప్‌ల (పగడంలోని చిన్న చిన్న జీవుల) నోళ్లు కనిపిస్తుంటే పగడం బతికే ఉంది. పోయింది దాని కణాల్లో కాపురముండి రంగూ తిండీ ఇచ్చే సూక్ష్మ నాచు, జూజాంతెల్లే మాత్రమే. పొర ఊడి గరుకు ఎముక బయటపడి, కొద్దిరోజుల్లో దానిమీద నాచు పడితే ఆ భాగం ఇక తిరిగి రాదు. పొర ఉండి రంగు పోతే వేడి, ఎక్కువ వెలుతురు, ఆకలి, ఈ మూడింటిని అనుమానించండి. పొరే ఊడుతుంటే మొదట ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి, డీకేహెచ్‌లలో చెప్తారు) కొలవండి.

ఆల్కలినిటీ 8 ఉన్నా 9 ఉన్నా పగడానికి పెద్ద తేడా లేదు. ఇవాళ 7, రేపు 10 అయితేనే ముప్పు. నీళ్లు మార్చేటప్పుడే ఇది ఎక్కువగా జరుగుతుంది. ట్యాంకులో 7 డీకేహెచ్ ఉండగా 11 ఉన్న కొత్త ఉప్పునీళ్లు 30 శాతం పోస్తే ఒక్క దెబ్బకి 8.2కి ఎక్కుతుంది. అందుకే బకెట్లో కలిపిన నీళ్లనీ కొలవాలి, మార్చేది 10 శాతం దాటకూడదు. పెంచాల్సి వస్తే 100 లీటర్లకి 3 గ్రాముల వంటసోడా సుమారు 1 డీకేహెచ్ పెంచుతుంది. ఆర్వో నీళ్లలో కరిగించి, పంపు ధార దగ్గర నెమ్మదిగా పోయండి. రోజుకి అర డీకేహెచ్ చాలు. బేకింగ్ పౌడర్ మాత్రం వద్దు, అందులో ఆమ్ల లవణాలుంటాయి.

ఉప్పదనం 35 పీపీటీ (కిలో నీళ్లలో 35 గ్రాముల ఉప్పు), వేడి 25–26 డిగ్రీలు ఉండాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూడకుండా దాని అంకెని నమ్మకండి.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి తేవడం గొప్పనుకునేవాళ్లున్నారు. తెల్లబడిన పగడానికి అది పస్తు. నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 దగ్గర ఉండనివ్వండి. పెద్ద నోళ్లున్న రకాలకి వారానికి రెండుసార్లు, పంపులు ఆపి, సన్నగా తరిగిన మైసిస్ రొయ్యని పిపెట్‌తో నోటి దగ్గర వదలండి. అరగంటలో తినకపోతే పీల్చి తీసెయ్యండి, కుళ్లితే అదో తలనొప్పి. వెలుతురు 50–100 పార్ (కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే వెలుతురు కొలత) ఉండే నీడ చోటుకి మార్చండి, మళ్లీ మళ్లీ కదపకండి.

కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరా పగడంలో కొమ్మకి పొర ఊడటం ఆగకపోతే కోతే దారి. చచ్చిన అంచుకి 1 సెంటీమీటరు అవతల, బతికున్న భాగంలోనే బోన్ కట్టర్‌తో కొయ్యండి. అంచు దగ్గరే కోస్తే ఊడటం మళ్లీ మొదలవుతుంది. ముక్కని సయనోయాక్రిలేట్ జెల్ (సూపర్ గ్లూ)తో ప్లగ్గుకి, అంటే పగడం ముక్కలు నిలిపే చిన్న దిమ్మకి, అంటించి మోస్తరు ప్రవాహంలో పెట్టండి. పెద్ద పాలిప్‌లుండే యూఫిలియా పగడం మీద గోధుమరంగు జిగురు కనిపిస్తే ఆలోచించే టైం లేదు. పంపులు ఆపి, జిగురుని ట్యూబుతో బయటికి లాగి, జిగురు పట్టిన తలని (ఒక్కో పాలిప్ ఉన్న కొమ్మని) అప్పుడే వేరు చెయ్యండి. పక్క తలలకి పాకుతుంది.

కోలుకునే పగడం మొదట గోధుమరంగుకి తిరుగుతుంది. జూజాంతెల్లే తిరిగొచ్చాయన్నమాట. మురికి పట్టిందనుకుని ఫాస్ఫేట్ తీసే పనికి దిగకండి. ఆ రంగు నిలకడగా ఉన్నాకే లైటుని వారానికి 5–10 శాతం చొప్పున పెంచుకుంటూ పోండి. అంచు పాలిపోతే వెంటనే పాత స్థాయికి తగ్గించి రెండు వారాలు ఆగండి.