లాకప్పుకి కాదు, ఆసుపత్రికి

శ్రోతలకు నమస్కారం.

ముంబైలో ఒక హోటల్. భరత్ వట్వానీ, స్మిత అనే భార్యాభర్తలు లోపల కూర్చుని ఉన్నారు. ఇద్దరూ మానసిక వైద్యులు. బయట ఒక కుర్రాడు కనిపించాడు. బక్కచిక్కిన మనిషి, జడలు కట్టిన జుట్టు, చేతిలో కొబ్బరిచిప్ప. ఆ చిప్పతో మురిక్కాలవలో నీళ్లు ముంచుకుని తాగుతున్నాడు. మనమైతే తల తిప్పుకుంటాం. నేనూ తిప్పుకుంటానేమో. వాళ్లిద్దరూ వెళ్లి, మాతో వస్తావా అని అడిగారు. వచ్చాడు. తమ ఆసుపత్రికి తీసుకెళ్లి, స్నానం చేయించి, మందులు మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు కుర్రాడు నోరు విప్పాడు. చూస్తే మనవాడే. ఆంధ్ర నుంచి తప్పిపోయినవాడు. డిగ్రీ చదివాడు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కూడా చేశాడు. జబ్బు స్కిజోఫ్రీనియా, అంటే లేనివి ఉన్నట్టు భ్రమలు కలిగించే మానసిక జబ్బు. కుదుటపడి ఇంటికి చేరాడు. రోడ్ల మీద తిరిగే ఇలాంటి రోగుల కోసం ఆ దంపతులు 1988లో పెట్టిన శ్రద్ధ సంస్థకు బీజం అక్కడే పడింది. వట్వానీ గారికి 2018లో మెగసెసే పురస్కారం వచ్చింది.

ఇంతకీ నన్ను పట్టి పీడించే ప్రశ్న వేరే. ఆ కుర్రాడు డాక్టర్ల కంట కాకుండా పోలీసుల కంట పడి ఉంటే?

ఆ రోజుల్లో అయితే జైలుకే పోయేవాడేమో. కలకత్తా జైళ్లలో అలాంటివాళ్లు ఎందరో ఉండేవాళ్లు. రికార్డుల్లో ‘నేరం చేయని పిచ్చివాళ్లు’ అని రాసి మరీ జైల్లో ఉంచేవాళ్లు. షీలా బర్సే అనే పాత్రికేయురాలు కోర్టుకెక్కితే, 1993లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

మరి ఇప్పుడో? చిన్న కేసు చాలు. ఎవరి అరుగు మీదో పడుకున్నాడు, దొంగతనానికి వచ్చాడన్నారు. పేరు చెప్పడు. ఊరు చెప్పడు. బెయిలు వచ్చే కేసే, కానీ జామీను ఎవరుంటారు? చిరునామా ఏదని రాస్తారు? బెయిలు వచ్చే కేసులోనే లోపల ఉండిపోతాడు. జైల్లో మందులు అందకపోతే జబ్బు ముదురుతుంది. అరుస్తాడు, ఎదురుతిరుగుతాడు. అదీ అతని తప్పే అవుతుంది.

అందుకే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమంటాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, నూరో సెక్షన్. రోడ్ల మీద తిరుగుతూ, మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని మనిషి కనిపిస్తే స్టేషన్ అధికారి రక్షణలోకి తీసుకోవాలి. అరెస్టు కాదు, రక్షణ. 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. అలా తీసుకున్న మనిషిని లాకప్పులో గానీ జైల్లో గానీ ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఇల్లు లేనివాడైతే, తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ కట్టి, ఇంటివాళ్లను వెతికే బాధ్యత కూడా స్టేషన్‌దే.

ఇక ఫోన్ చేసేది మనమే కదా. మీరు 112కి ఫోన్ చేసి ‘ఎవడో పిచ్చోడు గొడవ చేస్తున్నాడు’ అన్నారనుకోండి, అవతల రాసుకునేది గొడవ గురించే. ‘ఒంటరి మనిషి, మనసు బాగున్నట్టు లేదు, ఆసుపత్రికి చేర్చాలి’ అనండి. మనం చెప్పే మొదటి మాటను బట్టే ఆ మనిషి ఎటు వెళ్తాడన్నది చాలావరకు తేలిపోతుందని నా నమ్మకం. నూరో సెక్షన్ అని కూడా అనండి, పరవాలేదు, గట్టిగానే అనండి.

అప్పటికే జైల్లో పడిన మనిషి సంగతి మీకు తెలిస్తే, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పండి. కస్టడీలో ఉన్నవాళ్లకు అక్కడ వకీలును ఉచితంగా ఇస్తారు. సహాయానికి నంబరు 15100. కాగితం తీసుకోండి, మళ్లీ చెబుతున్నాను: ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.