12 పీరియడ్లా, 24 పీరియడ్లా?
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభలో ఉన్న పెద్దలందరికీ నమస్కారం. పింఛనుదారుల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుకే కార్యదర్శిగారిని అడిగి వేరే సంగతి ఎంచుకున్నాను. రిటైరయ్యాక మనలో చాలామంది ఏదో ఒక పని చేస్తూనే ఉన్నాం. ఒకరు కాలేజీలో పాఠం చెబుతారు, ఒకరు ఆడిటర్ దగ్గర లెక్కలు చూస్తారు, ఇంకొకరు ఆస్పత్రిలో ఫార్మసీ కౌంటర్ దగ్గర కూర్చుంటారు. మొదట పూటకి రెండు గంటలే అనుకుంటాం. కొన్నాళ్లకి ‘ఇంకాస్త ఎక్కువసేపు ఉండగలరా?’ అని అడుగుతారు. దానికి ఏం జవాబు చెప్పాలి? ఈ ప్రశ్నతో నేను రెండేళ్లుగా కుస్తీ పడుతున్నాను.

ఈ రోజుకి, నా ప్రశ్నకి సంబంధం ఉంది. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి రిటైరైన డి.ఎస్. నకారాగారు వేసిన కేసులో 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, ఎప్పుడో చేసిన సేవకు దక్కే హక్కని చెప్పిన తీర్పు అది. ఆ తీర్పు వచ్చిన రోజునే మనం పెన్షనర్ల దినోత్సవం చేసుకుంటున్నాం. ఏటా ఈ సభలో ఆ మాట వింటూనే ఉన్నాను. అయితే దాని అర్థం నాకు పూర్తిగా ఈ మధ్యే తలకెక్కింది. పింఛను మనం ముందే చేసిన పనికి వచ్చే డబ్బయితే, ఇప్పుడు మన చేతిలో ఉన్న ఖాళీ సమయం కూడా ముందే సంపాదించుకున్నదే. ముప్పై ఏళ్లు బస్సులు పట్టుకుని, బెల్లు కొట్టేలోగా క్లాసుకి పరుగెత్తి సంపాదించుకున్న సమయం ఇది. ‘ఊరికే ఇంట్లో కూర్చున్నారు కదా’ అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఊరికే వచ్చినది కాదు కాబట్టి ఊరికే ఇచ్చేయకూడదు.

నా సంగతి చెబుతాను. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి 2019లో 60 ఏళ్లకి రిటైరయ్యాను. 2022 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు 62 అయింది. నా తర్వాత వాళ్లకి ఇంకో రెండేళ్లు దొరికాయి, నాకు దొరకలేదని కొన్నాళ్లు బాధపడ్డాను కూడా. ఒక ప్రైవేటు కాలేజీలో వారానికి 12 పీరియడ్లు చెప్పడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. మళ్లీ సుద్దముక్క చేతిలోకి వచ్చింది. వారానికి మూడు రోజులు, పీరియడ్‌కి 400 రూపాయలు. హాయిగా ఉండేది.

2023 జూన్‌లో ప్రిన్సిపాల్ పిలిచాడు. నా పాత విద్యార్థే. ‘మేడం, ఇంకో లెక్చరర్ మానేశారు. మీరు 24 పీరియడ్లు తీసుకోవాలి. మీరు లేకపోతే ఆ సెక్షన్ పిల్లలు ఏమైపోతారు?’ అన్నాడు. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, సరేనన్నాను. అప్పుడు నా మనసులో ఏముందో ఇప్పుడు నిజాయితీగా చెప్పాలి. డబ్బు ఉంది, కానీ డబ్బు మొదటిది కాదు. ‘మీరు లేకపోతే’ అన్న మాట నాకు చాలా ఇష్టమైంది. రిటైరైన మనిషికి ఆ మాట ఎంత ఆకలి తీరుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందులో తప్పేమీ లేదు. ఆ మాట విన్న క్షణంలోనే జవాబు చెప్పేయడం మాత్రం తప్పయింది.

మూడో నెలలో గొంతు బొంగురుపోయింది. సాయంత్రానికి పాదాలు వాచేవి. బీపీ మాత్ర వేళకి వేసుకోవడం తప్పింది. అప్పుడు, లెక్కల మనిషిని కాబట్టి, ఒక నోటుబుక్ తీసి వారం రోజుల పాటు ప్రతి గంటా ఎటు పోయిందో రాశాను. ఆ లెక్క మీకు వినిపిస్తాను. 24 పీరియడ్లంటే 18 గంటల పాఠం. ఆరు రోజుల రాకపోకలు, రోజుకి గంటన్నర చొప్పున 9 గంటలు. మధ్యలో ఖాళీ పీరియడ్లలో స్టాఫ్‌రూమ్‌లో ఎదురుచూపు 6 గంటలు. ఇంటికి తెచ్చుకున్న స్లిప్ టెస్టు పేపర్లు దిద్దడం ఇంకో 6 గంటలు. పాఠం తయారుచేసుకోవడం 4 గంటలు. మొత్తం 43 గంటలు. వచ్చేది 9,600. గంటకి 223 రూపాయలు పడింది.

పాత 12 పీరియడ్ల లెక్క కూడా వేశాను. పాఠం 9 గంటలు, రాకపోకలు నాలుగున్నర, తయారీ 3, ఎదురుచూపు గంటన్నర. 18 గంటలకి 4,800. గంటకి 267 చొప్పున. అంటే పీరియడ్లు రెట్టింపయ్యాయి, డబ్బు రెట్టింపయింది, గంటలు మాత్రం 18 నుంచి 43 అయ్యాయి. పెరిగిన 25 గంటలకి వచ్చింది 4,800 మాత్రమే. గంటకి 192. నేను ‘పీరియడ్లు’ అని లెక్కపెట్టుకున్నాను గానీ బస్‌స్టాప్‌ని, పేపర్ల కట్టని, మధ్యలో పోయే పొద్దుని లెక్కపెట్టుకోలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఓవర్‌టైమ్‌కి రెట్టింపు వేతనం ఇవ్వాలంది. రోజులో పదో గంట, మొదటి గంట ఒకటి కావని ఆ చట్టానికే తెలుసు. అలసిన ఒంటితో చేసే గంట ఖరీదైనది. పాతికేళ్ల కార్మికుడి విషయంలోనే ఆ మాట నిజమైతే, 65 ఏళ్ల మనిషి విషయంలో ఇంకెంత నిజం కావాలి? మనం మాత్రం ఆ అదనపు గంటని పాత రేటుకే, నా లెక్క ప్రకారం అంతకంటే తక్కువకే ఇచ్చేస్తున్నాం.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. బయట గంటలు పెరిగినంత మాత్రాన ఆ 289 నిమిషాలు తగ్గవు. పొద్దున నాలుగున్నరకి లేవడమో, రాత్రి పదకొండుకి గిన్నెలు తోమడమో అవుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అధ్యయనం ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకి రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో చెప్పారు. అక్కడ లెక్కేసింది సంపాదన కోసం చేసే పనినే, వంటింట్లో గడిచే గంటలు అందులో లేవు. నా 43 గంటలకి ఇంటి పని కలిపి చూసుకున్నాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నోటుబుక్‌లో ఇంకో గడి ఉంది. దానిమీద ‘అమ్మ’ అని రాశాను. మా అమ్మకి ఇప్పుడు 87 ఏళ్లు, నా దగ్గరే ఉంటుంది. 12 పీరియడ్ల రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం అరుగు మీద కూర్చునేవాళ్లం. బియ్యంలో రాళ్లు ఏరుతూ తన చిన్నప్పటి గోదావరి వరదల సంగతులు చెప్పేది. నేను రాసుకున్న ఆ వారంలో ‘అమ్మ’ గడిలో ఉన్నది మొత్తం రెండు గంటల పది నిమిషాలు. అదీ అన్నం పెట్టడం, మందులు వేయడం. కబుర్లు లేవు. ‘రిటైరయ్యావన్నారు కదే, ఇంకా ఈ బడేంటే?’ అని ఒకరోజు అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

మా నాన్నగారి సంగతి కూడా చెప్పాలి. 1983లో మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గించారు. అప్పటికే 55 దాటిన వేలమంది ఆ ఫిబ్రవరి ఆఖరుకి ఒక్కసారిగా ఇళ్లకి వచ్చేశారు. వాళ్లలో తాలూకా ఆఫీసు గుమాస్తా అయిన మా నాన్నగారు ఒకరు. తర్వాత ఆ వయసు మళ్లీ 58 అయింది గానీ, అప్పటికి ఆయన ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాయడానికి కుదిరిపోయారు. మొదట సాయంత్రం రెండు గంటలే. ఏడాది తిరిగేసరికి పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవారు, తవుడు దుమ్ముతో, దగ్గుతో. అప్పుడు నాకు పెళ్లి కావాలి, చెల్లికి చదువు కావాలి. అన్ని గంటలు చేయాలా వద్దా అని ఆలోచించుకునే వీలు ఆయనకి లేదు. నాకు ఉంది. వీలు ఉండీ నేను ఆలోచించలేదే అన్నదే నా బాధ.

అందుకే వీలు లేనివాళ్లకి ఈ వేదిక మీద నుంచి ‘తక్కువ పనిచేయండి’ అని చెప్పే అర్హత నాకు లేదు. ప్రైవేటు ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95 కింద నెలకి వెయ్యి రూపాయల కనీస పింఛనుతో బతుకుతున్నవాళ్లున్నారు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర 12 గంటల షిఫ్టు చేసే మన వయసు వాచ్‌మన్ ఉన్నాడు. 2004 సెప్టెంబర్ నుంచి చేరిన సీపీఎస్ ఉద్యోగులు, అంటే జీతంలోంచి తామూ వాటా కట్టే కొత్త పింఛను పథకంలో ఉన్నవాళ్లు, మన పింఛనుని చూసి దిగులుపడుతున్నారు. వాళ్ల గంటల గురించి మాట్లాడాలంటే ముందు వాళ్ల పింఛను గురించి మాట్లాడాలి. ఆ పోరాటంలో మన సంఘం కలిసి నడవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

మనలో కూడా డబ్బు అవసరం ఉన్నవాళ్లున్నారు. పింఛనులో 40 శాతం కమ్యూట్ చేసుకున్నవారికి, అంటే ఆ భాగాన్ని ముందే ఒకేసారి తీసేసుకున్నవారికి, అది 15 ఏళ్ల దాకా తిరిగి రాదు. కట్టాల్సిన అప్పులేమో ఆ 15 ఏళ్లలోనే ఉంటాయి. అటువంటప్పుడు అదనపు పని తప్పు కాదు. అయితే ఆ డబ్బు ఎవరి అవసరమో ఒకసారి చూసుకోండి. నాకు పెరిగిన ఆదాయంలో సగం మా అబ్బాయి హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐకి పంపేదాన్ని. ఏడాది తర్వాత వాడికి నా గొంతు సంగతి తెలిసింది. ‘అమ్మా, నేనెప్పుడైనా అడిగానా? నువ్వు పంపుతున్నావని తీసుకుంటున్నా. ఇంత కష్టపడి పంపుతున్నావని తెలిస్తే ఒప్పుకుంటానా?’ అన్నాడు. నేనూ వాడిని అడగలేదు, వాడూ నాకు చెప్పలేదు. మధ్యలో 25 గంటలు.

పన్ను గురించి ఒక్క మాట. కాలేజీవాళ్లు ఫీజు కింద ఇస్తే 10 శాతం టీడీఎస్, అంటే పన్ను కింద ముందే కోత, పట్టుకుంటారు. 2025-26 నుంచి కొత్త విధానంలో పన్ను లెక్కకి వచ్చే ఆదాయం 12 లక్షల దాకా ఉంటే పన్ను పడదు కాబట్టి, రిటర్ను వేస్తే అది చాలామందికి తిరిగి వస్తుంది. రిటర్ను వేయడం మానకండి.

అలాగని ఎక్కువ గంటలు చేసేవాళ్లందరూ పొరపాటు చేస్తున్నారని నేను అనను. నాతోపాటు రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఇప్పటికీ రోజూ వెళ్తారు, పూర్తి గంటలు. ఇంట్లో ఒక్కరే ఉంటారు. ‘అమ్మా, సాయంత్రం ఐదు తర్వాతే నాకు భయం. ఆ పైన ఇంకో రెండు గంటలు ఇచ్చినా తీసుకుంటాను’ అన్నారు. ఆయన గంటల్లోంచి కాలేజీ తీసుకుంటున్నది ఒంటరితనాన్ని. నా గంటల్లోంచి తీసుకున్నది మా అమ్మ కబుర్లని. ఇద్దరికీ ఒకే సలహా ఎలా పనికొస్తుంది? అందుకే ఎంత ఇస్తారన్నది రెండో ప్రశ్నగా పెట్టుకున్నాను. ఆ గంటలో ఇప్పుడు నేను ఏం చేస్తున్నానన్నదే మొదటి ప్రశ్న.

మరి లెక్క తేలగానే మానేశానా అంటే, లేదు. ఈ వృత్తిలో జూన్‌లో సరేనంటే మార్చి పరీక్షల దాకా మాట ఇచ్చినట్టే. మధ్యలో వదిలేస్తే పిల్లలు నష్టపోతారు. బొంగురు గొంతుతోనే, మైకు పెట్టించుకుని ఆ ఏడాది పూర్తిచేశాను. అందుకే ఒప్పుకునే ముందే, నచ్చకపోతే ఎప్పుడు బయటపడగలమో అడిగి తెలుసుకోండి. మరుసటి జూన్‌లో నేనే ఒక కాగితం రాసి తీసుకెళ్లాను. 14 పీరియడ్లు, నాలుగు రోజులు, పీరియడ్లన్నీ వరసగా, పేపర్లు దిద్దడం ఉండదు. ప్రిన్సిపాల్ చదివి కాసేపు మాట్లాడలేదు. పేపర్ల దగ్గర మాత్రం పట్టుబట్టాడు. చివరికి నెలకి ఒక్క కట్ట దిద్దుతానన్నాను, దానికి విడిగా డబ్బు ఇస్తానన్నాడు. అడిగితే పని పోతుందేమోనని నేను వారం రోజులు టెన్షన్ పడ్డాను. పోలేదు. మన అనుభవానికి గిరాకీ ఉందని మనకే తెలియడం లేదు.

నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది. ఒక లెక్చరర్ ప్రసూతి సెలవు మీద వెళ్తోంది, జనవరి నుంచి మార్చి దాకా ఇంకో 10 పీరియడ్లు తీసుకోమంటున్నారు. ఈసారి సోమవారం చెబుతానన్నాను. నిన్న రాత్రి నోటుబుక్ తీసి రాసుకున్నాను. మూడు నెలలే, ఆఖరు తేదీ ఉంది. సెకండియర్ పిల్లలు, పరీక్షలు దగ్గరపడ్డాయి. సంక్రాంతికి మా తమ్ముడు, మరదలు వచ్చి అమ్మని నెల రోజులు తమ ఊరు తీసుకెళ్తామన్నారు. ఆ నెల రోజులకి 10 పీరియడ్లూ తీసుకోగలను. అమ్మ తిరిగొచ్చాక ఐదు, అదీ మూడింటిలోపు అయిపోతేనే. సోమవారం ఈ మాటే చెబుదామనుకుంటున్నాను. వాళ్లకి కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటారు.

మీలో ఇలాంటి లెక్క వేసుకున్నవాళ్లుంటే ఇప్పుడు చెప్పండి, వింటాను. నమస్కారం.