పెట్టె పొట్టిదైతే కొలత సరైనట్టేనా?

అందరికీ నమస్కారం. నాలుగైదు డేటాసెట్లు ఇచ్చి పోల్చమంటే మనలో చాలామంది వెంటనే సగటులు తీసి ఓ టేబుల్ వేసేస్తాం. ఇవాళ ఆ పని వద్దు. ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు అందులోనే దొరికే మోర్లే అనే డేటా తెరవండి. పేరు మోర్లేది గానీ కొలతలు ఆయనవి కావు (ఆ పేరెందుకు తగిలించారో నన్నడక్కండి), 1879లో అమెరికాలోని అనాపొలిస్ నేవల్ అకాడమీలో ఆల్బర్ట్ మైకెల్సన్ తిరిగే అద్దంతో కాంతి వేగం కొలిచినవి. ఐదు ప్రయోగాలు, ఒక్కోదాంట్లో 20 రన్‌లు. సెకనుకు ఇన్ని కిలోమీటర్లని వచ్చిన విలువలోంచి 2,99,000 తీసేసి రాశారు, అంటే 850 అని ఉంటే 2,99,850 అన్నమాట.

వందా కలిపి హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే కమ్మీల బొమ్మ) గీస్తే మధ్యలో ఎత్తుగా ఒక గుట్ట, ఏ గొడవా కనిపించదు. అదే ప్రయోగానికో బాక్స్ ప్లాట్ చొప్పున, ఐదూ ఒకే స్కేలు మీద గీయండి. కొలతల్లో మధ్య సగం ఒక పెట్టెలో పడతాయి, నట్టనడిమి విలువ, అంటే మీడియన్, అందులో గీతగా కనిపిస్తుంది. మొదటిదాని మీడియన్ 940, నాలుగోదానిది 815!

మూడో పెట్టె చూడండి, భలే పొట్టిగా ఉంటుంది, 840 నుంచి 880 దాకా అంతే. అన్నిటికన్నా బాగా కుదిరిన ప్రయోగం ఇదేనని ఎవరైనా అనేస్తారు. సరే, ఇప్పుడు 734.5 దగ్గర అడ్డంగా ఓ గీత గీయండి, ఇవాళ అందరూ ఒప్పుకునే కాంతి వేగాన్ని మైకెల్సన్ వాడిన దిద్దుబాట్లకి తగ్గట్టు సర్దితే ఈ కొలతలతో పోల్చాల్సిన విలువ అదే. ఐదు పెట్టెలూ గీతకి పైనే ఉన్నాయి! వందలో ఐదు కొలతలే కిందికి దిగాయి. ఇంకో తమాషా, పెట్టె అంచు నుంచి దూరం పెట్టె ఎత్తుకి ఒకటిన్నర రెట్లు దాటితే ఔట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడ్డ విలువ) అనే స్టాటిస్టీషియన్ జాన్ టూకీ లెక్కతో మూడో ప్రయోగంలో బయటికి నెట్టేసిన వాటిలో రెండు 720లున్నాయి, ఆ ఇరవైలో అసలు విలువకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చినవి అవే. రెండూ ఒకదాని మీద ఒకటి పడి బొమ్మలో ఒకటే చుక్కలా కనిపిస్తాయి, అందుకే పెట్టె మీద అన్ని చుక్కల్నీ కాస్త పక్కకి జరిపి చల్లండి, జిట్టర్ అంటారు. పెట్టెకి బదులు కొలతలు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ లావయ్యే ఆకారం గీసే వయొలిన్ ప్లాట్ అందంగానే ఉంటుంది గానీ, ఇరవై పాయింట్లకి ఆ నున్నటి వంపుల్ని నేనైతే నమ్మను.

ఏ పెట్టే చూపించనిది ఒకటుంది, కొలతలు తీసిన వరుస. రెండో ప్రయోగాన్ని రన్ నంబర్ల ప్రకారం గీయండి: మొదలు 960, 940, 960, 940, చివర 790, 760, 800. ఆ జారుడు ఎందుకొచ్చి ఉంటుందో మీరనుకునేది చెప్పండి, మైకు అటు పంపిస్తాను.