నేల ఉసిరి: పీకే ముందు కొమ్మ తిప్పి చూడండి

[క్లోజప్: గులాబీ కుండీ, మొదట్లో బెత్తెడు ఎత్తు కలుపు మొక్క]

చూడగానే చింత మొలక అనిపిస్తుంది కదండీ? ఆ కొమ్మని ఇలా వెల్లకిలా తిప్పుదాం.

[చేయి కొమ్మను తిప్పుతుంది. కెమెరా ఇంకా దగ్గరకు]

ఇవిగో, ఆవగింజ కంటే కాస్త పెద్ద పచ్చటి కాయలు, సన్నటి కాడలకు వరసగా వేలాడుతున్నాయి. ఇక అనుమానం అక్కర్లేదు, ఇది నేల ఉసిరి. మనం పచ్చడి పెట్టుకునే ఉసిరికి దూరపు చుట్టమేం కాదు, రెండూ ఫిల్లాంథస్ అనే ఒకే ప్రజాతివి.

కాయలు ఇంకా రాకపోతే? ఆకు తుంచండి. పాలు కారితే అది రెడ్డివారి నానబాలు. నేల ఉసిరికి పాలుండవు. ముట్టుకుంటే ముడుచుకుందా, అయితే అత్తిపత్తి. నేల ఉసిరి ముట్టుకుంటే ముడవదు, చీకటి పడ్డాకే ఆకులు ముడుస్తుంది. కొన్నిచోట్ల కాండం ఎర్రగా, కాయలు గరుకుగా, కాడ లేకుండా కొమ్మకే అంటుకుని కనిపిస్తాయి. అది ఇందులోనే ఇంకో రకం. వదిలించుకునే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

[దృశ్యం: ఎండిన కాయ, పక్కన తెల్ల కాగితం మీద విత్తనాలు]

అసలు తలనొప్పి ఈ కాయలతోనే. ఒక్కో కాయలో మూడు గదులు, గదికి రెండు చొప్పున ఆరు విత్తనాలు. పండి ఎండాక కాయ టప్పున పగిలి వాటిని దూరంగా విసిరేస్తుంది. పక్క కుండీలోకి ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా! పైగా మొలిచిన కొద్ది వారాలకే పూత, ఆ వెంటనే కాయ. ఒకే మొక్క మీద కింది కొమ్మల్లో కాయలు, చివర కొమ్మల్లో పువ్వులు ఒకేసారి ఉంటాయి. "వచ్చే ఆదివారం పీకుదాంలే" అంటే దానికి పండగే.

[దృశ్యం: తడి మట్టిలోంచి మొక్కను వేరుతో సహా లాగడం]

కుండీకి నీళ్లు పోసి, మట్టి నానాక మొదట్లో పట్టుకుని లాగండి. తల్లివేరుతో సహా వచ్చేస్తుంది. పొడి మట్టిలో లాగితే కాండం తెగి, మళ్లీ చిగురు వేయొచ్చు. కాయలున్న మొక్కని కంపోస్టులో వేయకండి, పీకాక కూడా కాయ ముదురుతుంది. కవర్లో వేసి మూతి కట్టి చెత్తబండికి ఇచ్చేయండి.

విత్తనం చాలా చిన్నది, పైపొరలో ఉంటేనే మొలుస్తుంది. అందుకే రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులో, వరిగడ్డో పరిస్తే కొత్త మొలకలు బాగా తగ్గుతాయి. మొక్క మొదలుకి మాత్రం తగలనివ్వకండి, కుళ్లుతుంది. ఖాళీ మడి ఉంటే ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసేసి, నెల నుంచి నెలన్నర ఉంచండి. పైపొరలోని విత్తనాలు చాలావరకు ఆ వేడికి చచ్చిపోతాయి.

కలుపు మందులా? నాలుగు కుండీలకి అవసరమే లేదు.

కామెర్లకి మందని దీన్ని నూరి తాగేవాళ్లున్నారు. కళ్లు పచ్చబడితే ముందు డాక్టర్ దగ్గరకి వెళ్లండి. పెరటి మొక్కతో సొంత వైద్యం వద్దు.

[దృశ్యం: నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్క కవరు]

చాలా ఇళ్లకి ఇది వచ్చేది నర్సరీ మట్టితోనే. కొత్త మొక్క తెచ్చిన రోజే కవర్లో పైమట్టి అంగుళం మేర గోకి తీసేసి, ఆ తర్వాతే కుండీలోకి మార్చండి.